నా వేరియబులే కదా

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సి లాంగ్వేజ్ చెప్పేటప్పుడు వేరియబుల్ అంటే డబ్బా అని చెప్తారు. బోర్డు మీద ఒక చతురస్రం గీసి, పక్కన పేరు రాసి, లోపల ఒక అంకె వేస్తారు. విలువ మారిందంటే లోపలి అంకె చెరిపి కొత్తది రాయడమే. ఉప్పుడబ్బాలో ఉప్పు, పప్పుడబ్బాలో పప్పు. నీ డబ్బా నీది, నా డబ్బా నాది. ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి పోస్తే రెండు చోట్లా ఉంటుంది (వంటింట్లో అలా జరగదనుకోండి, అది వేరే సంగతి). ఈ బొమ్మతోనే నాలుగేళ్ళు గడిపి, ఉద్యోగాల్లో చేరి, ఆ తర్వాతెప్పుడో సరదాకి లిస్ప్ దగ్గరికి వచ్చినవాళ్ళకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. లిస్ప్‌లో వేరియబుల్ డబ్బా కాదు, పేరు. వస్తువు ఎక్కడో ఉంటుంది. పేరు దాన్ని పిలుచుకోవడానికి మాత్రమే.

మేనమామ ఉన్నాడనుకుందాం. నాకు మావయ్య, అమ్మకి తమ్ముడు, నాన్నకి బావమరిది, బ్యాంకువాళ్ళకి ఫలానా నంబరు ఖాతాదారు. మనిషి ఒక్కడే. రేపట్నించి నేను ‘మావయ్య’ అన్న పిలుపుని పక్కింటాయనకి వాడటం మొదలుపెడితే అమ్మకి తమ్ముడు మారిపోడు. నా పిలుపు మారింది, అంతే. అదే మావయ్య తిరపతి వెళ్ళి గుండు చేయించుకొచ్చాడంటే నాకూ అమ్మకీ నాన్నకీ అందరికీ గుండుతోనే కనిపిస్తాడు. ‘మా తమ్ముడికి గుండు వద్దు, మీ మావయ్యకి కావాలంటే చేయించుకో’ అనడానికి వీల్లేదు.

లిస్ప్ ఈ రెండు పనుల్నీ వేరువేరుగా చూస్తుంది. పేరుని ఇంకో వస్తువు మీదికి తిప్పడం ఒకటి. ఆ పేరు చూపిస్తున్న వస్తువునే మార్చడం ఇంకొకటి. మొదటిదాని ఫలితం ఆ పేరు వాడుకునేవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. రెండోదాని ఫలితం ఎంత దూరం వెళ్తుందో మార్చినవాడికి తెలియదు. ఈ ‘తెలియదు’ దగ్గరే నాకు ఇది ప్రోగ్రామింగ్ దాటి ఇంకో ప్రశ్నగా కనిపిస్తుంది. ఇంకా ఎవరెవరు పట్టుకుని ఉన్నారో తెలియని వస్తువుని మార్చే హక్కు మనకుందా?

లిస్ప్ కొత్తగా రాసేవాళ్ళు అడిగే సందేహాల్లో ఒకటి ఏళ్ళ తరబడి అలాగే ఉంది. 3, 1, 2 అనే మూడంకెల జాబితా చేసి ‘అంకెలు’ అని పేరు పెట్టారు. సార్ట్ చేశారు. 1, 2, 3 అని జవాబు చక్కగా వచ్చింది. తర్వాత ‘అంకెలు’లో ఏముందో చూస్తే ఒక్క 3 మాత్రమే కనిపించింది. మిగతా రెండూ ఎటు పోయాయి?

ఎటూ పోలేదు. లిస్ప్ జాబితా అంటే ముందువాడి చొక్కా పట్టుకుని రైలాట ఆడుతున్న పిల్లల వరసలాంటిది. ‘అంకెలు’ అనే పేరు వరస మొదట్లో ఉన్న 3 అనే పిల్లాణ్ణి చూపిస్తోంది, వరస మొత్తాన్నీ కాదు. సార్ట్ వచ్చి, కొత్త వరస కట్టకుండా, ఉన్న పిల్లలనే అటూ ఇటూ మార్చి నిలబెట్టింది. 3 చివరికి వెళ్ళాడు. పేరు మాత్రం ఇంకా వాడినే చూపిస్తోంది. అక్కడ్నించి లెక్కపెడితే వాడొక్కడే.

దీనికి అనుభవజ్ఞులు ఇచ్చే జవాబు కూడా అంతే పాతది. సార్ట్ ఇచ్చిన ఫలితాన్ని మళ్ళీ అదే పేరుకి కట్టుకో, సరిపోతుంది అంటారు. సరిపోతుంది, నిజమే. అడిగినవాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. కానీ ఆ సలహా అడిగినవాడి ఇబ్బందిని మాత్రమే తీరుస్తుంది. అదే సమయంలో అదే వరసని ఇంకో పేరుతో పట్టుకున్నవాడు ఎక్కడో ఉంటే, వాడి చేతిలో ఇప్పటికీ ఒక్క 3 మాత్రమే ఉంది. వాడు ఏ ప్రశ్నా అడగలేదు. తన చేతిలోది మారిందన్న సంగతే వాడికి తెలియదు.

*

వస్తువుకైనా తెలుసా, తననెవరు పట్టుకున్నారో? తెలియదు. ఎందుకు తెలియదన్నదానికి ఒక చారిత్రక కారణముంది. నాకు చాలా ఇష్టమైన కారణం అది.

1958లో ఎమ్ఐటీలో జాన్ మెకార్తీ లిస్ప్ మొదలుపెట్టినప్పుడు దాన్ని నడిపించడానికి దొరికిన యంత్రం ఐబీఎమ్ 704. దాని మెమరీలో ఒక్కో పదం 36 బిట్లు. అందులో 15 బిట్లు అడ్రస్ భాగం, ఇంకో 15 బిట్లు డిక్రిమెంట్ భాగం. ఒక్కో భాగంలో ఒక్కో వస్తువు చిరునామా పడుతుంది. అంటే ఒక్క పదంలో రెండు చేతులు. ఒక చెయ్యి విలువని పట్టుకుంటుంది, రెండోది వరసలో తర్వాతివాణ్ణి. ఈ రెండు చేతుల ముక్కకే కాన్స్ అని పేరు. మొదటి చేతిలో ఏముందని అడగడం కార్, రెండో చేతిలో ఏముందని అడగడం కుడర్. ఆ యంత్రం ఎప్పుడో పోయింది. దాని పదంలోని భాగాల పేర్లలోంచి పుట్టిన ఈ రెండు మాటలూ ఇప్పటికీ నడుస్తున్నాయి. మన ఊళ్ళల్లో చెరువు పూడిపోయి యాభయ్యేళ్ళయినా చెరువుగట్టు వీధి ఉన్నట్టు.

కార్, కుడర్ అడిగినప్పుడు లిస్ప్ నకలు తీసి ఇవ్వదు, అసలు వస్తువునే చూపిస్తుంది. కాబట్టి ఒకే తోకకి రెండు తలలుండొచ్చు. రెండు జాబితాల మొదళ్ళు వేరైనా చివరి సగం ఇద్దరికీ ఒకటే కావచ్చు. మెమరీ బంగారంతో సమానమైన ఆ రోజుల్లో అది గొప్ప పొదుపు. అయితే ఒక జాబితాతో పనైపోయాక దాని చోటు తిరిగి తీసుకోవాలంటే చిక్కు. అందులో ఇంకొకరి తోక కూడా ఉందేమో? ప్రతి ముక్క మీదా ‘నన్ను ఇంతమంది పట్టుకున్నారు’ అని ఒక లెక్క రాసి ఉంచితే తేలిపోతుంది. మెకార్తీ ఆ దారి ఆలోచించాడు, వదిలేశాడు. తర్వాత 1978లో లిస్ప్ చరిత్ర చెప్పుకుంటూ కారణం కూడా చెప్పాడు. 36 బిట్లలో 30 చేతులకే పోగా మిగిలినవి 6. అవి కూడా ఒకచోట లేవు, రెండు ముక్కలుగా విడిపోయి ఉన్నాయి. లెక్క రాసుకోవడానికి జాగా లేదు.

అందుకని ఇంకో పద్ధతి పెట్టారు. ఏమీ లెక్కపెట్టకుండా వాడుకుంటూ పోవడం. ఖాళీ చోటు అయిపోయినప్పుడు పని ఆపి, బతికున్న పేర్ల దగ్గర్నించి మొదలుపెట్టి చెయ్యి చెయ్యి పట్టుకుని ఎంతవరకు వెళ్ళగలిగితే అంతవరకు గుర్తు వేసుకుంటూ పోవడం. గుర్తు పడనిదంతా చెత్త. ఇదే గార్బేజ్ కలెక్షన్. 1960 నాటి పేపరులో పద్ధతి ఉంది గానీ ఆ మాట లేదు. అలాంటి మాట పేపరులో రాయడానికి ధైర్యం చాలలేదని మెకార్తీయే తర్వాత ఒప్పుకున్నాడు. మనకి ‘నామరూపాల్లేకుండా పోయింది’ అన్న నుడికారం ఉంది కదా. ఇక్కడ అది అక్షరాలా నిజం. ముందు నామం పోవాలి, అప్పుడే రూపం పోతుంది.

ఈ ఏర్పాటులో ఉన్న కరుణ నాకు నచ్చుతుంది. ఎవరో ఒకరు నిన్ను చేరగలిగితే చాలు, నిన్ను ఉంచుతారు. చేరగలిగేవాడు గొప్పవాడా, ఎప్పుడైనా వాడుకుంటాడా అని చూడరు. కానీ అదే ఏర్పాటు ‘ఎవరైనా ఉన్నారా’ అని మాత్రమే అడుగుతుంది, ‘ఎవరు’ అని అడగదు. పైగా పారెయ్యాల్సి వచ్చినప్పుడు అడుగుతుంది, మార్చేటప్పుడు అడగదు.

*

ఇదంతా లిస్ప్ రాసే కొద్దిమంది గోల అనుకోనక్కర్లేదు. పైథాన్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ జాబితాలు ఇలాగే, పేర్లు ఇలాగే. హైదరాబాదులో రోజూ కొన్ని వేలమంది ఈ పేర్లతోనే అన్నం తింటున్నారు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు వాళ్ళకి కార్లు ఏర్పాటు చేసే సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకున్నారు. సాయంత్రం ఒక జాబితా తయారవుతుంది. ఏ కారులో ఎవరు, ఏ వరసలో దిగాలి. ఆ వరస ఊరికే వేసేది కాదు. దారి చూసుకుని, చివరగా దిగేది మగవాళ్ళయ్యేట్టు వేస్తారు. కుదరకపోతే ఆ కారులో గార్డుని పంపుతారు. నగరంలో రాత్రుళ్ళు పనిచేసే అమ్మాయిలందరికీ ఈ నియమం తెలుసు. వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

అడ్మిన్ వాళ్ళు ఒక రిపోర్టు కావాలన్నారు. ఈ రాత్రి వెళ్ళేవాళ్ళ పేర్లు అక్షరక్రమంలో. టీములో అందరికన్నా చిన్నవాడికి ఆ పని ఇచ్చారు. అతను జాబితా ఇచ్చే ఫంక్షన్‌ని పిలిచి, వచ్చినదానికి ఒక పేరు పెట్టుకుని, దాన్ని సార్ట్ చేసి అచ్చు వేయించాడు. మూడు లైన్లు. రిపోర్టు అందంగా వచ్చింది.

ఆ ఫంక్షన్ ఇచ్చింది నకలు కాదు, అసలు జాబితా. డ్రైవర్ ఫోనులోకి వెళ్ళాల్సిన జాబితా కూడా అదే. గార్డు కావాలా వద్దా అన్న లెక్క అప్పటికే అయిపోయింది, వద్దని తేలింది. తర్వాత వరస మారింది. రాత్రి రెండున్నరకి గచ్చిబౌలిలో బయల్దేరిన కారు, మియాపూర్లో ముందు దిగాల్సిన అమ్మాయిని దింపకుండా బాచుపల్లి వెళ్ళి, అక్కడ ఇద్దరు మగవాళ్ళని దింపి, ఆమె ఒక్కదాన్నీ వెనక్కి తీసుకొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె పేరు చివర్లో వస్తుంది, కారణం అంతే. డ్రైవర్ తప్పేం లేదు. ఫోను చూపించిన వరసలో తప్ప అతను ట్రిప్పు ముగించలేడు. ఇంటి సందు ముందునుంచే కారు వెళ్ళిపోతుంటే ఆమె అడిగింది, ఆపమంది. సిస్టమ్ ఒప్పుకోదమ్మా అన్నాడు.

మర్నాడు మీటింగులో రెండు మాటలు వినిపించాయి. ‘ఏమీ జరగలేదు కదా’ అన్నది మేనేజర్ల మాట. దాని గురించి చెప్పడానికేం లేదు, మనందరం ఎక్కడో అక్కడ విన్నదే. రెండోది ఆ కుర్రాడి మాట. ‘నేను నా వేరియబుల్నే కదా సార్ట్ చేశాను, వాళ్ళదాన్ని ముట్టుకోలేదు’ అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. అతను చదువుకున్న బొమ్మ ప్రకారం అతని డబ్బా అతనిది. గదిలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వాక్యాన్ని మనం ప్రోగ్రాముల బయట ఎన్నిసార్లు అంటామో గుర్తొచ్చింది. నా పొలం, నేను బోరు వేసుకుంటే మీకేంటి? నా ఇల్లు, నేను గోడ కట్టుకుంటే మీకేంటి? ‘నా’ అన్నది పేరుకి సంబంధించిన మాట. కింద ఉన్న నీళ్ళకి ఆ మాట అంటదు.

తప్పెవరిది అన్నదాని మీద టీములో రెండు పక్షాలయ్యాయి. మార్చినవాడిదే అన్నారు కొందరు. ఎవరో ఇచ్చిన వస్తువుని సొంతంగా చేసుకోకుండా ముట్టుకోకూడదు, ముందు నకలు తీసుకోవాలి. ఇంకొందరు, ఇచ్చినవాడిదే అన్నారు. అసలుని చేతిలో పెట్టి, ఇది అసలు సుమా అని చెప్పకపోతే ఎలా? నేను రెండో పక్షం. చిన్నవాడనే జాలి కాదు. వస్తువుకి తననెవరు పట్టుకున్నారో తెలియదు, తీసుకున్నవాడికి అసలే తెలియదు. ఇంకెంతమందికి ఇస్తున్నామో కొంతైనా తెలిసేది ఇచ్చేవాడికే. తెలిసినంత మేరకే బాధ్యత. అయితే ఆ ఫంక్షన్ రాసినతను రెండేళ్ళ క్రితమే ఉద్యోగం మానేశాడు, మీటింగులో లేడు. ఉన్నవాడి మీదే పడుతుంది ఎప్పుడూ.

*

మరి ప్రతిసారీ నకలు ఇచ్చేస్తే గొడవ ఉండదు కదా అనిపిస్తుంది. ఇక్కడ లిస్ప్ ఇంకో మెలిక చూపిస్తుంది. నకలంటే ఎంత లోతుకి?

జాబితాని నకలు తీసే ఫంక్షన్ వరసని మాత్రమే కొత్తగా కడుతుంది. వరసలో ఉన్న వస్తువులు పాతవే. చెట్టులా లోపలికంటా నకలు తీసే ఇంకో ఫంక్షన్ ఉంది, అది కాన్స్ ముక్కలన్నిటినీ కొత్తగా కడుతుంది, కానీ వాటి కొసల్లో ఉన్న వస్తువులు మళ్ళీ అవే. రెండు వస్తువులు ఒకటేనా అని అడగడానికి కూడా కామన్ లిస్ప్‌లో ఒక ప్రశ్న చాలదు. ఈక్యూ అడిగేది ఇది అదేనా అని. ఈక్వల్ అడిగేది ఇది అలాంటిదేనా అని. మధ్యలో ఈక్యూఎల్, అవతల ఈక్వల్‌పీ. ఇన్నెందుకు, సరైనది ఒకటి పెట్టొచ్చుగా అని చాలామంది విసుక్కుంటారు. కెంట్ పిట్‌మన్ 1993లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. సారాంశం నా మాటల్లో చెప్పాలంటే, రెండు వస్తువులు సమానమా, నకలు ఎంత లోతుకి తియ్యాలి అన్నవాటికి వస్తువులో జవాబుండదు. ఎందుకోసం అడుగుతున్నావన్నదాంట్లో ఉంటుంది. జాబితాని చూసి అది వరసో, చెట్టో, సంచో యంత్రం చెప్పలేదు. కట్టినవాడి మనసులో ఉన్న సంగతి కాన్స్ ముక్కల్లో ఎక్కడా రాసి ఉండదు.

మళ్ళీ మన కారు దగ్గరికే వెళ్దాం. అందరికీ నకళ్ళే ఇచ్చామనుకోండి, వరస మారేది కాదు, ఆ రాత్రి అలా జరిగేది కాదు. సరే. అదే అమ్మాయి సాయంత్రం ఏడింటికి ‘మేం ఇల్లు మారాం, ఇవాళ నిజాంపేటలో దింపండి’ అని మార్చుకుంటే? అప్పుడు ఆ మార్పు డ్రైవర్ ఫోనుకీ, గార్డు లెక్కకీ, రిపోర్టుకీ అన్నిటికీ చేరాలి. లోపలికంటా తీసిన నకలు పట్టుకున్నవాడు ఆమెని పాత ఇంటికి తీసుకెళ్తాడు. ఒకే జాబితా, అందులో ఒకే మనిషి. వరస మారితే ఎవరికీ తెలియకూడదు. చిరునామా మారితే అందరికీ తెలియాలి. పంచుకోవడం తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఏ మార్పు ఎవరికి చేరాలని మనం కోరుకుంటున్నామో ముందు తేల్చుకోవాలి. ఆ పని చెయ్యకుండా ‘ఎప్పుడూ నకలు తీసుకో’, ‘ఎప్పుడూ అసలు వాడు’ అని సూత్రాలు చెప్పేవాళ్ళ మీద నాకు గురి లేదు.

2007లో రిచ్ హికీ బయటపెట్టిన క్లోజర్, లిస్ప్ వంశంలోదే, ఈ చిక్కుని ఇంకోవైపు నుంచి విప్పుతుంది. అందులో మామూలు జాబితాలు అసలు మారవు. మార్చమంటే కొత్తది ఇస్తుంది, పాతది పాతదిగానే ఉంటుంది. మారాల్సినవాటికి విడిగా ఒక గుర్తింపు పెట్టుకోవాలి. ఆ గుర్తింపుని ఎప్పుడడిగితే అప్పటి విలువ చెప్తుంది. మావయ్య వేరు, 2010లో మావయ్య ఫొటో వేరు అన్నట్టు. ఫొటోకి గుండు కొట్టలేం. చాలా శుభ్రమైన ఆలోచన, ఆ కంపెనీలో అది ఉంటే ఆ కుర్రాడు తప్పు చేద్దామన్నా చెయ్యలేకపోయేవాడు. అయినా తన చేతిలో మావయ్య ఉండాలా ఫొటో ఉండాలా అని ఎంచుకునే పని మనిషిదే. డ్రైవర్‌కి ఫొటో ఇచ్చేస్తే చిరునామా సమస్య మళ్ళీ మొదటికొస్తుంది.

*

భాషలు చెయ్యలేని చోట మర్యాదలు చేస్తాయి. లిస్ప్‌లో నాకు బాగా నచ్చేవి ఈ మర్యాదలే. స్కీమ్ వాళ్ళు వస్తువుల్ని మార్చే ఫంక్షన్ల పేరు చివర ఆశ్చర్యార్థకం పెడతారు. చదివేవాడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడని. కామన్ లిస్ప్‌లో అందరికీ అందుబాటులో ఉండే డైనమిక్ వేరియబుల్స్‌కి పేరుకి రెండువైపులా నక్షత్రాలు పెడతారు, చెవులకి మఫ్లర్ చుట్టినట్టు. అలాంటిదాన్ని ఒక లెట్ లోపల మార్చుకుంటే ఆ పని నడిచినంతసేపే ఆ విలువ, బయటికి రాగానే పాత విలువ తనంతట తనే తిరిగొస్తుంది. పొరుగింట్లో నిచ్చెన అరువు తెచ్చుకుని పని కాగానే ఇచ్చేసినట్టు. డెఫ్‌వార్ అన్నది ఇంకా సంస్కారవంతురాలు. పేరుకి అప్పటికే ఒక విలువ ఉంటే, ఫైలు మళ్ళీ లోడ్ చేసినా దాన్ని కదపదు. కదపాలంటే డెఫ్‌పారామీటర్ అని వేరే మాట వాడాలి. ఈ రెండిటి తేడా తెలియక తల పట్టుకునేవాళ్ళు చాలామంది, కానీ తేడాలో ఉన్న జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది.

అన్నిట్లోకీ అమాయకంగా కనిపించే పేరు సార్ట్‌దే. ఆశ్చర్యార్థకం లేదు, నక్షత్రం లేదు, ఏ హెచ్చరికా లేదు. పైథాన్ వాళ్ళు కొంత నయం. అసలునే సర్దే సార్ట్ అక్కడ ఉద్దేశపూర్వకంగానే ఏ జవాబూ ఇవ్వదు, మార్చేశానని గుర్తుచెయ్యడానికి. కొత్త వరస కావాలంటే సార్టెడ్ అని వేరే ఉంది. ఆ కుర్రాడు రెండక్షరాల తేడాలో పోయాడు.

ఇంకొక సందేహం గురించి చెప్పాలి, సాహిత్యం చదివేవాళ్ళకి దీని రుచి తెలుస్తుంది. ఒక ఫంక్షన్ లోపల క్వోట్ గుర్తు పెట్టి ఒక జాబితా రాస్తారు. దాని చివర ఎన్‌కాంక్‌తో ఇంకో ముక్క తగిలిస్తారు. మొదటిసారి పిలిస్తే సరిగ్గా వస్తుంది. రెండోసారి పిలిస్తే మొదటిసారి తగిలించింది కూడా కనిపిస్తుంది. కొత్తగా పిలిచాను కదా, పాతదెందుకు గుర్తుంది అని అడుగుతారు. క్వోట్ చేసిన జాబితా ప్రతిసారీ కొత్తగా పుట్టదు. అది ప్రోగ్రాము పాఠంలో భాగం. ఫంక్షన్ తన పాఠాన్నే దిద్దుకుంది. 1994 ప్రమాణం ప్రకారం అలా చేస్తే ఏమవుతుందో చెప్పలేం. ఏమైనా కావచ్చు.

పాఠాన్ని దిద్దడమనగానే నాకు ఎర్రన గుర్తొస్తాడు. నన్నయ పదకొండో శతాబ్దంలో అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ మధ్య ముక్క పూరించాడు, పూరించి తన కాలపు రాజుకి కాకుండా, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే, నన్నయ రాసినట్టే అంకితమిచ్చాడు. లిస్ప్ భాషలో ఇది అచ్చం ఎన్‌కాంక్. ముందు జాబితా తోక విప్పి వెనక జాబితాకి ముడివేశాడు. అప్పటిదాకా ‘నన్నయ భారతం’ అని పట్టుకున్నవాళ్ళందరి చేతిలోనూ వస్తువు మారింది. అడగలేదు, చెప్పలేదు. అయినా ఎవరైనా నొచ్చుకున్నారా? ఆ జాబితాని పట్టుకున్నవాళ్ళందరూ అది ఆగిన చోట ఇంకా ఏదో ఉండాలనే చూస్తున్నారు. మార్పు వాళ్ళు ఎదురుచూస్తున్నదే. మారుస్తున్నవాడు తన పేరు పెట్టుకోలేదు, వాళ్ళ పేరుకే రాశాడు. అసలుని మార్చడం ఎప్పుడూ తప్పేనన్నవాళ్ళకి నేను ఈ ఉదాహరణే చెప్తాను. అయితే ఎర్రనకి ఒక వెసులుబాటుంది. ఆ పుస్తకం ఎవరి చేతుల్లో ఉందో, వాళ్ళు దాంతో ఏం చేస్తారో ఆయనకి బాగా తెలుసు.

మూడు లైన్లు రాసిన కుర్రాడికి తెలిసే దారేది? మెకార్తీకి ఆరు బిట్లు చాలలేదు, సరే. ఇప్పటి యంత్రాలకి ఆ కరువు లేదు. అందరూ వాడే పైథాన్, అంటే సీపైథాన్, ఆయన వదిలేసిన దారినే పట్టింది. ప్రతి వస్తువు తల మీదా, దాన్ని ఎన్ని చోట్ల పట్టుకుని ఉన్నారో ఒక అంకె రాసి ఉంటుంది. అది సున్నా అయిందో లేదో చూసుకుని పారెయ్యడానికే ఆ అంకె. కావాలంటే మనం కూడా అడిగి చూడొచ్చు, చిన్న ఫంక్షనే. ఆ సాయంత్రం కార్ల జాబితా మీద కూడా ఆ అంకె ఉండే ఉంటుంది. ఏ నాలుగో ఐదో. అక్షరక్రమంలో సర్దేముందు దాన్ని చూసే నియమం పైథాన్‌లో లేదు. చూసినా నాలుగు అనే చెప్పేది, ఆ నాలుగులో ఒకటి మియాపూర్ సందు దాటిపోయే కారని చెప్పేది కాదు.

తర్వాత ఆ రిపోర్టు ఫంక్షన్‌లో సార్ట్ తీసేసి సార్టెడ్ పెట్టారు, ఆ వారమే. జాబితా ఇచ్చే ఫంక్షన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని ఇంకా ఎవరెవరు పిలుస్తున్నారో తెలియదు, మారిస్తే ఏం విరిగిపోతుందోనన్నారు.